ఫెర్మిన్ చూపుడు వేలు

సీసా మూతకి బుద్ధుండదు. విసిరినప్పుడు ఎడమకి పోతున్నట్టు కనిపిస్తుంది, ముక్కు దాకా వచ్చాక కుడికి తిరుగుతుంది. చీపురుకర్రతో దాన్ని కొట్టడం వచ్చినవాడికి బేస్‌బాల్ బంతి గుమ్మడికాయంత కనిపిస్తుందని శాంతా లిదువీనా చక్కెర మిల్లులో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. అందుకే బుధవారం పొద్దున బాల్బినో రెండు జేబుల నిండా మూతలు పోసుకుని మైదానానికి వచ్చాడు. బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఒక్కొక్క మూతా విసరసాగాడు. నిలబడి విసరడానికి మోకాళ్లు ఒప్పుకోవడం మానేసి చాలా కాలమైంది.

ఎదురుగా చీపురుకర్ర పట్టుకుని ఒబిస్పో నిలబడ్డాడు. బాయిలర్ దగ్గర పనిచేసే కుర్రాడు, తలుపు పట్టనంత మనిషి. తగిలిందంటే బంతి కంచె దాటి చెరకు తోటలో పడాల్సిందే. తగలడమే అరుదు.

"మళ్లీ గాలినే కొట్టావు" అన్నాడు బాల్బినో.

"ఎడమకి వస్తుందనుకున్నా మాస్టారూ."

"అనుకోవడం ఎందుకురా? జాతకాలు చెప్పే పని పెట్టుకున్నావా? వచ్చేదాకా ఆగు. వచ్చాక కొట్టు."

"వచ్చేదాకా ఆగితే వెళ్లిపోతుంది కదా!"

"పోదు. నీకు భయం, అంతే. భయపడేవాడే ముందుగా ఊహిస్తాడు."

ఒబిస్పో మూతి ముడుచుకుని మళ్లీ కర్ర ఎత్తాడు. మధ్యాహ్నానికి జేబులు ఖాళీ అయ్యాయి. ఇద్దరూ వంగి గడ్డిలో మూతలు ఏరుకుని మళ్లీ మొదలుపెట్టారు. గురువారం కూడా అదే పని. చెరకు నరకడం అయిపోయి మిల్లు చల్లబడిన రోజులవి. పొగగొట్టం ఊరికే నిలబడి ఉంటుంది. ఆ నెలల్లో ఊళ్లో జనానికి ఆదివారం ఆట తప్ప వేరే ధ్యాస ఉండదు. ఈ ఆదివారం వచ్చేది లా ఎస్కొందీదా మిల్లు జట్టు. వాళ్ల తరఫున బంతి విసిరేది ఫెర్మిన్.

శుక్రవారం సాయంత్రం మిల్లు అధికారి డాన్ రామిరో జీపు దిగి తిన్నగా బకెట్ దగ్గరికి వచ్చాడు. తెల్లటి నార చొక్కా, చేతిలో ఆరిపోయిన చుట్ట. జట్టు ఆయనదే, జీతాలు ఆయనవే, మేనేజరు కాపురముండే రేకుల ఇల్లూ ఆయనదే.

"ఏమిటయ్యా ఇది, నా జట్టుకి చీపురుకర్రలు ఇచ్చావు?"

"కన్ను కుదురుతుంది డాన్ రామిరో."

"ఆదివారానికి కుదురుతుందా?" ఆయన చుట్ట మళ్లీ వెలిగించుకున్నాడు. "నేను పొడుగు మాటలు చెప్పను బాల్బినో. ఎస్కొందీదా చేతిలో ఓడిపోతే సోమవారం నాకు కొత్త మేనేజరు కావాలి. అయినా నిన్ను ఎందుకు తెచ్చుకున్నాననుకున్నావు? పదేళ్ల పైచిలుకు ఆ ఫెర్మిన్ ఎదుట గొంతుక్కూర్చుని బంతి పట్టిన క్యాచరువి. వాడి లోగుట్టు నీకు తెలియకుండా ఉంటుందా? ప్రతి పిచరుకీ ఏదో ఒక లోపం ఉంటుంది. వంకర బంతి వేసేముందు పెదవి కొరుక్కుంటాడనో, భుజం దించుతాడనో."

"ఫెర్మిన్‌కి లోపం లేదు" అన్నాడు బాల్బినో. ఆ మాట ఎంత త్వరగా నోట్లోంచి వచ్చిందంటే, అది అబద్ధమని పక్కనున్న ఒబిస్పోకి కూడా తెలిసిపోయింది.

డాన్ రామిరో నవ్వాడు. "సరే. లేకపోతే లేదు. ఉంటే మాత్రం, మనవాళ్లు కొట్టేటప్పుడు నువ్వు మూడో బేస్ దగ్గర నిలబడతావు కదా, వంకర బంతి వస్తోందంటే ఒక్క ఈల వెయ్యి. మిగతాది ఈ ఎద్దు చూసుకుంటాడు. విన్నావురా?"

"విన్నా అయ్యగారూ" అన్నాడు ఒబిస్పో.

జీపు వెళ్లిపోయాక ఒబిస్పో కర్రని చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "ఉందా మాస్టారూ?" అని మెల్లిగా అడిగాడు.

"మూత చూడు" అన్నాడు బాల్బినో, విసురుతూ.

ఇంటికి వెళ్లేసరికి ఎర్సిలియా ఉడకబెట్టిన పచ్చి అరటికాయల్ని పళ్లెంలో వేసి మెదుపుతోంది. ఉల్లిపాయలు వేగుతున్న వాసన వీధి దాకా వస్తోంది. అతని మొహం చూసి ఆమె ఏమీ అడగలేదు. కుర్చీ లాగి, అతని కాళ్లు ఎత్తి ఇంకో కుర్చీ మీద పెట్టి, మోకాళ్లకి కర్పూరం సారా రాయడం మొదలుపెట్టింది. అడగకపోవడం ఆమె అడిగే పద్ధతి.

"డాన్ రామిరో వచ్చాడు" అన్నాడు అతను.

"ఆ మాట ఊరంతా అప్పుడే అనుకుంటోంది. ఈల సంగతి కూడా."

"ఏం చెయ్యమంటావు?"

"నన్నడుగుతావేమయ్యా? వేలు సంగతి తెలిసింది నీకూ, ఫెర్మిన్‌కీ, నాకూ, అతని పెళ్లాం కొమాద్రే లూసిలాకీ. నలుగురం." ఆమె గట్టిగా రుద్దింది. అతను కెవ్వుమన్నాడు. "చెప్తే లూసిలా మొహం నేను చూడలేను. వాళ్ల పిల్లని జ్ఞానస్నానానికి ఎత్తుకున్నది ఈ చేతులే. చెప్పకపోతే మూటలు కట్టుకోవాలి. మూటలు కట్టడం నాకేమన్నా కొత్తా? నువ్వు ఆడిన ఊళ్లన్నిట్లోనూ కట్టాను. ఈసారి మాత్రం ఆ పెద్ద బానని నువ్వు మొయ్యాలి."

అతనికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండిట్నీ కాఫీతో కలిపి మింగేశాడు.

వేలు సంగతి ఇది. ఫెర్మిన్ ఎడమచేతి గ్లవ్ తొడుక్కుంటే చూపుడు వేలు ఎప్పుడూ గ్లవ్ బయటే, దాని వీపు మీద ఆనుకుని ఉంటుంది. చాలామంది అలాగే పెట్టుకుంటారు. కానీ వంకర బంతి కోసం లోపల బంతిని తిప్పి పట్టుకునేటప్పుడు ఫెర్మిన్‌ది నిటారుగా లేస్తుంది, బళ్లో ప్రశ్నకి జవాబు తెలిసిన పిల్లాడి వేలులాగా. లోపలికి దూర్చుకోవాలని అతనికి తెలుసు. కాస్త అలిసిపోతే మరిచిపోతాడు. అప్పుడు బాల్బినో ఆట ఆపించి, మొహానికున్న క్యాచరు ముసుగు పైకెత్తి, పిచరు నిలబడి విసిరే మట్టి దిబ్బ దాకా నడిచి వెళ్లి, మాటా పలుకూ లేకుండా ఆ వేలుని పట్టి గ్లవ్ లోపలికి తోసి వచ్చేవాడు. ఏదో గొప్ప వ్యూహం మాట్లాడుకుంటున్నారని జనం అనుకునేవారు. "పద్ధతిగా ఉండు కొంపాద్రే" అనేవాడు బాల్బినో. "అలాగే కొంపాద్రే" అనేవాడు ఫెర్మిన్. అంతే. ఫెర్మిన్ కూతురికి బాల్బినో జ్ఞానపిత కాబట్టి వాళ్లిద్దరూ ఒకరికొకరు కొంపాద్రేలు, పెళ్ళాలిద్దరూ కొమాద్రేలు. ఆ చుట్టరికం రక్తసంబంధం కంటే గట్టిదని అక్కడి నమ్మకం. కూడబెట్టిన ఆస్తి ఏమైనా ఉందా అంటే బాల్బినోకి ఉన్నది అదొక్కటే.

మోకాళ్లు పోయాక ఎస్కొందీదా వాళ్లు అతన్ని వద్దన్నారు. శాంతా లిదువీనా వాళ్లు మేనేజరుగా రమ్మన్నారు. వేలు మాత్రం అక్కడే ఉండిపోయింది, దాన్ని లోపలికి తోసేవాడు లేకుండా.

ఆదివారం మైదానంలో ఇసుక వేస్తే రాలదు. కంచె మీద, లారీల మీద, మామిడి కొమ్మల మీద జనం. వేయించిన పంది తోలు అమ్మేవాళ్లు, రమ్ము సీసాలు చంకలో దాచినవాళ్లు, డోళ్లు, బూరలు. రేకుల పందిరి కింద కుర్చీలో డాన్ రామిరో. ఎస్కొందీదా లారీ దిగిన జనం బాల్బినోని చూసి "వచ్చాడండీ అల్లుడు! రెండు ఇళ్ల కూడు తిన్నవాడు!" అని కేకలు పెట్టారు. అతను టోపీ ఎత్తి దండం పెట్టాడు.

ఫెర్మిన్ మైదానం అవతల నుంచి చెయ్యి ఊపాడు. సన్నగా, పొడుగ్గా, కాస్త వంగిపోయి ఉన్నాడు. జుట్టులో నెరుపు ఎక్కువైంది. ఇదివరకైతే ఆటకి ముందు వచ్చి ఎర్సిలియా చేతి కాఫీ తాగేవాడు. ఇవాళ రాలేదు. ఎదుటి జట్టు కదా, బాగుండదనుకున్నాడు కాబోలని బాల్బినో సరిపెట్టుకున్నాడు.

మొదటి ఇన్నింగ్స్‌లో బాల్బినో వేలు వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. మనసుకి ఒట్టు పెట్టొచ్చు గానీ కళ్లకి ఎవడు పెట్టగలడు? చూశాడు. వేలు బయటే ఉంది. నిటారుగా లేచింది. "వంకర బంతి" అనుకున్నాడు. తిన్నని బంతి రివ్వుమని వచ్చి క్యాచర్ గ్లవ్‌లో పడింది. పొరపాటు పడ్డానేమో అనుకున్నాడు. మళ్లీ లేచింది. మళ్లీ తిన్నని బంతే. తర్వాత వేలు బుద్ధిగా పడుకుని ఉంది. వచ్చింది వంకర బంతి.

రెండో ఇన్నింగ్స్‌లోనూ అదే వరస. అప్పటికి బాల్బినోకి అర్థమైంది. 

ఫెర్మిన్ కావాలని వేలుని తిరగేసి ఆడుతున్నాడు. తన గుట్టు ఈ జట్టుకి అమ్ముడుపోయి ఉంటుందని, ఈల వినపడుతుందని, ఆ ఈలని నమ్మి కొట్టేవాళ్లంతా గాలిని కొడతారని లెక్క. అంటే తన కొంపాద్రే చెప్పేసి ఉంటాడనే అనుకున్నాడు. కాఫీకి రాకపోవడం కూడా అందుకే. శుక్రవారం నుంచి తను పడిన నరకం, ఎర్సిలియా కట్టబోయే మూటలు, అన్నీ ఒక్కసారి బాల్బినోకి గుర్తొచ్చాయి. ఉప్పు తిన్నవాడి మీద ఇంత అనుమానమా? మూడో బేస్ పక్కన తనకి గీసిన గడిలో నిలబడి బూటుతో సున్నపు గీతని చెరిపేశాడు. అంపైర్ కోప్పడ్డాడు.

"ఏమైంది మాస్టారూ, వంట్లో బాగాలేదా?" అన్నాడు ఒబిస్పో పక్కనుంచి పోతూ.

"ఎండ" అన్నాడు.

ఎస్కొందీదా వాళ్లు నాలుగో ఇన్నింగ్స్‌లో ఒక పరుగు చేశారు. శాంతా లిదువీనాకి సున్నా. ఫెర్మిన్ విసురుతూనే ఉన్నాడు, ఒక్కొక్కడూ బ్యాట్ ఈడ్చుకుంటూ బెంచీకి తిరిగొస్తున్నాడు. ఈల ఎందుకు రావడంలేదని ఫెర్మిన్‌కీ ఆశ్చర్యంగానే ఉన్నట్టుంది. మధ్యమధ్య మూడో బేస్ వైపు చూస్తున్నాడు. ఆరో ఇన్నింగ్స్‌లో ఒకసారి, విసరబోయి ఆగి, బాల్బినో వైపు చాలాసేపు చూశాడు. తర్వాత టోపీ తీసి నుదురు తుడుచుకుని, తలొంచుకుని దిబ్బ మట్టిని కాలితో కెలికాడు. ఆ తర్వాత వేలుతో నాటకం ఆపేశాడు. లోపలికి దూర్చుకుని విసిరాడు.

బాల్బినో మనసు కొంచెం తేలికైంది, కొంచెమే. కోపం ఇంకా ఉంది.

చివరి ఇన్నింగ్స్ వచ్చేసరికి సూర్యుడు పొగగొట్టం వెనక్కి వాలాడు. ఫెర్మిన్ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఇద్దరు అవుటయ్యారు, ఇంకొకడు అవుటైతే ఆట ముగుస్తుంది. ఒకడు కొట్టి మొదటి బేస్‌కి చేరాడు. ఇంకొకడు కొట్టాడు. ఆ బంతి తిరిగొచ్చేలోపు ఒకడు మూడో బేస్‌లో, ఒకడు రెండో బేస్‌లో. ఒక్క మంచి దెబ్బ పడితే ఇద్దరూ ఇంటికి, అంటే కొట్టేవాడి ప్లేటు దగ్గరికి, వచ్చేస్తారు, ఆట గెలుస్తారు. పడకపోతే పెద్ద బాన మొయ్యాలి. బ్యాట్ పట్టుకుని వచ్చాడు ఒబిస్పో.

"ఈల! ఈల!" అని పందిరి కింద నుంచి డాన్ రామిరో అరిచాడు, సిగ్గు కూడా లేకుండా. డోళ్లు ఆగిపోయాయి.

బేసుల్లో మనుషులుంటే కుడిచేతి పిచరు పక్కకి తిరిగి, మూడో బేస్‌కి ఎదురుగా నిలబడి విసరాలి. అంటే ఫెర్మిన్, బాల్బినో ఎదురెదురుగా ఉన్నారు. మధ్యలో నాలుగు అంగలు వేస్తే చేరేంత గడ్డి ఉన్నట్టనిపించింది బాల్బినోకి. ఫెర్మిన్ గ్లవ్‌ని గుండెల దగ్గరికి తెచ్చుకున్నాడు. లోపల బంతిని తిప్పి పట్టుకుంటున్నాడు.  గ్లవ్ వీపు మీద వేలు బయటికొచ్చింది. నిటారుగా లేచింది.

ఇది నాటకం కాదు. అలసట. ఆ వేలుని గుర్తుపట్టినంతగా బాల్బినో తన చేతినైనా గుర్తుపట్టడేమో.

ఒబిస్పో ఓరకంట ఇటు చూస్తున్నాడు. ఒక్క ఈల చాలు. ఇల్లు ఉంటుంది, జీతం ఉంటుంది. పైగా పొద్దుటి నుంచి అనుమానించినవాడికి తగిన శాస్తి. బాల్బినో పెదాలు తడుపుకున్నాడు.

తర్వాత ఏం జరిగిందో అతన్ని అడిగితే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేడు. "ఆపండి!" అని తనే చెయ్యెత్తి అరిచాడు. అంపైర్ ఆట ఆపాడు. బాల్బినో నడిచాడు. ఒబిస్పోకి ఏదో చెప్పడానికి వెళ్తున్నాడని అందరూ అనుకున్నారు. కానీ ఆ కాళ్లు ప్లేటు వైపు పోలేదు. పదేళ్ల పైచిలుకు ఆ వేలు లేచినప్పుడల్లా ఎటు నడిచాయో అటే నడిచాయి. ముసుగు పైకెత్తడానికి చెయ్యి నుదుటి దాకా వెళ్లింది. అక్కడ ముసుగు లేదు. అప్పుడు మెలకువ వచ్చింది. అప్పటికే దిబ్బ మీద ఉన్నాడు, ఎదుటి జట్టు దిబ్బ మీద.

మైదానం అంతా ఒక్క క్షణం నోరు తెరిచింది. తర్వాత పెద్దగా గోల. "ఏయ్ ముసలోడా, నీ జట్టు అటుంది!" "ఎండ తలకెక్కింది రా!" అంపైర్ చేతులూపుతూ పరిగెత్తుకొస్తున్నాడు.

 ఫెర్మిన్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. గ్లవ్ ఉన్న చేతిని ముందుకి చాపాడు, ఊరికే, డాక్టరుకి చూపించినట్టు.

బాల్బినో ఆ వేలుని పట్టుకున్నాడు. చెమటతో తడిగా, వేడిగా ఉంది. గ్లవ్ లోపలికి తోశాడు.

"పద్ధతిగా ఉండు కొంపాద్రే."

"అలాగే కొంపాద్రే" అన్నాడు ఫెర్మిన్. 

"ఏమిటిది? ఏం మాట్లాడుతున్నారు? నిన్ను బయటికి గెంటుతా!" అంటూ అంపైర్ అతని మీదికి వచ్చాడు.

"అయిపోయిందండీ. వెళ్తున్నా" అని బాల్బినో కుంటుకుంటూ తిరిగొచ్చాడు. దారిలో ఒబిస్పో వైపు ఒకసారి చూశాడు.  ఒక వేలుతో తన కంటి కింద తట్టుకున్నాడు. చూడు, అంతే.

ఫెర్మిన్ తన క్యాచర్ వేళ్లతో సైగచేసి అడిగిన బంతికి తలడ్డంగా ఊపాడు. మళ్లీ అడిగితే మళ్లీ ఊపాడు. గుండె నిండా గాలి పీల్చుకుని విసిరాడు. తిన్నని బంతి, ఆ వయసులో అతని చేతిలోంచి రాకూడనంత వేగంతో. ఒబిస్పో ఊహించలేదు. ఆగాడు. వచ్చాక కొట్టాడు. చెరకు గడ విరిగిన చప్పుడు. బంతి ఎడమ కంచె మీదుగా పోలేదు గానీ కంచె అడుగుని వెళ్లి తాకింది. ఇద్దరూ దుమ్ము రేపుకుంటూ ఇంటికొచ్చారు.

డాన్ రామిరో పందిరిలోంచి దూకి వచ్చి బాల్బినోని కౌగిలించుకున్నాడు. చొక్కాకి మట్టి అంటినా లెక్కచెయ్యలేదు. "నక్కవయ్యా నువ్వు! ఈల ఎందుకని దిబ్బ మీదికే పోయి వాడి మతి పోగొట్టావు! ఏమన్నావు వాడిని? కూతురి మీద ఒట్టేయించావా? ఏడిపించేశావుగా!"

"వేలు బయటికొచ్చింది. లోపల పెట్టాను" అన్నాడు బాల్బినో.

ఆయన పగలబడి నవ్వాడు. "చెప్పకులే! చెప్పకు! అలాంటివి చెప్పకూడదు. వచ్చే ఏడాదికి కూడా నువ్వే. ఇంటికి రంగు వేయిస్తా." చుట్టూ ఉన్నవాళ్లు అతని వీపు చరిచారు. అవతల ఎస్కొందీదా జనం "పామురా! కొంపాద్రే గొంతు కోసిన పాము!" అని మామిడి టెంకలు విసిరారు. ఒకటి అతని భుజానికి తగిలింది. నిజం చెప్పాడు, ఎవరూ నమ్మలేదు. ఇంతకంటే గట్టిగా ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు.

ఒబిస్పో ఒక్కడే గుంపులోంచి వచ్చి, "ఆగాను మాస్టారూ. అది ఏదో నాకు తెలీదు, ఊరికే ఆగాను" అన్నాడు. బాల్బినో అతని మెడ పట్టుకుని దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. అంత పెద్ద మనిషి సిగ్గుపడి పారిపోయాడు.

ఫెర్మిన్ పందిరి వెనక నీళ్ల పంపు దగ్గర కూర్చుని ఉన్నాడు. భుజానికి తడిగుడ్డ. పక్కన ఎర్సిలియా, చేతిలో కాఫీ గిన్నె. ఆమె ఎప్పుడు వచ్చిందో, ఏం మాట్లాడిందో తెలియదు గానీ ఇద్దరి మొహాలూ కడిగినట్టున్నాయి. బాల్బినోని చూసి ఆమె లేచి, "ఇద్దరు ముసలాళ్లూ తేల్చుకోండి" అని వెళ్లిపోయింది.

బాల్బినో పంపు గట్టు మీద కూర్చోవడానికి కాస్త సమయం పట్టింది. మోకాళ్లు పటపటమన్నాయి.

"అయిదు ఇన్నింగ్స్ నిన్ను దొంగని చేశాను" అన్నాడు ఫెర్మిన్. "లూసిలా చెప్పింది, బాల్బినో అలాంటివాడు కాడని. నేను వినలేదు. ఇల్లూ జీతం అడ్డుపెడితే ఎవడైనా చెప్తాడన్నాను. నేనైతే చెప్పేవాడినేమో, అందుకే అలా అన్నాను."

"నాకూ నోట్లో ఈల ఆడింది" అన్నాడు బాల్బినో.

"వెయ్యలేదుగా."

"కాళ్లు ముందు వెళ్లిపోయాయి."

ఫెర్మిన్ నవ్వాడు. నవ్వితే భుజం నొప్పి పుట్టి మూలిగాడు.

"వంకర బంతి వేసుంటే మావాడు గాలినే కొట్టేవాడు" అన్నాడు బాల్బినో. "ఎందుకు వెయ్యలేదు?"

"ఏమో. నువ్వు వేలు లోపల పెట్టాక పాతరోజుల్లోలాగా నా మంచి బంతి ఒకటి వెయ్యాలనిపించింది. బాగానే పడింది కదా?"

"చాలా బాగా పడింది."

"కుర్రాడు ఆగాడు చూశావా? ఆ వయసులో ఎవడూ ఆగడు. ఎవరు నేర్పారు?"

బాల్బినో జేబులో చెయ్యి పెట్టి ఒక సీసా మూత తీసి అతని అరచేతిలో పెట్టాడు. ఫెర్మిన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన చొక్కా జేబులో వేసుకున్నాడు.

"నాకిదే చివరి ఆట. వాళ్లు చెప్పకముందే నేనే చెప్పేశాను. చెరకు తూచే కాటా దగ్గర పని ఇస్తామన్నారు. నీడ ఉంటుంది." భుజం మీది తడిగుడ్డ సర్దుకున్నాడు. "మా జనం నిన్ను పామంటున్నారు. లారీలో నేను చెప్తాను."

"చెప్పకు. చెప్పినా నమ్మరు. డాన్ రామిరో నన్ను నక్కంటున్నాడు. పామూ నక్కా రెండూ నేనే."

లారీ హారన్ మోగింది. ఫెర్మిన్ని ఇద్దరు కుర్రాళ్లు పైకి లాగారు. ఓడిన జట్టు లారీ పాటల్లేకుండా కదిలింది. బాల్బినో కంచె పట్టుకుని నిలబడ్డాడు. మామిడి టెంక ఇంకొకటి వచ్చి అతని కాళ్ల దగ్గర పడింది.

చెరకు తోటల మలుపు దగ్గర, తలల మధ్య నుంచి ఒక గ్లవ్ పైకి లేచింది. చూపుడు వేలు నిటారుగా బయట ఉంది. బాల్బినో అప్రయత్నంగా ఒక అడుగు ముందుకు వేశాడు. అంత దూరం నుంచి అది ఫెర్మిన్‌కి కనపడిందో లేదో గానీ, మలుపు తిరిగేముందు ఆ వేలు తనంతట తనే గ్లవ్ లోపలికి వెళ్లిపోయింది.